మునిసిపాలిటీలో సిబ్బంది, ప్రమాదాల బాధ్యత: ముందు మస్టర్ దగ్గరికి వెళ్లండి

ఎంబీఏ హెచ్‌ఆర్ చదివి, గ్రూప్-2లో మునిసిపల్ కమిషనర్ గ్రేడ్-3గా ఎంపికయ్యానని రాశారు. సిబ్బంది వ్యవహారాలు, ప్రమాదాలు, పరిహారాలు అన్నీ మీద పడితే మొదట ఏం చూడాలని అడిగారు. నేను కోస్తాలో ఒక నగర పాలక సంస్థలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి డిప్యూటీ కమిషనర్‌గా రిటైరయ్యాను. చివరి కొన్నేళ్లు ఈ బాధ్యతలన్నీ నావే. మీరు చేరిన వారంలోనే తెల్లవారుజామున లేచి, కార్మికులకు హాజరు వేసే మస్టర్ దగ్గరికి వెళ్లండి. ఎందుకో చెబుతాను.

ఒక వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ వచ్చింది. బైపాస్ పక్కన రోడ్డు ఊడుస్తున్న కార్మికురాలిని లారీ కొట్టింది, కాలు విరిగింది అన్నారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ చెప్పిన పేరుతో ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) నంబరు తీయించి, ప్రమాద నివేదిక ఫారం 12 సిద్ధం చేయించి ఆసుపత్రికి వెళ్లాను. మంచం మీద ఉన్నామెకు పాతికేళ్లు ఉంటాయేమో. నా చేతిలోని కాగితం ప్రకారం ఆమెకు యాభై ఎనిమిది. మస్టర్‌లో పేరు అత్తది, చీపురు పట్టింది కోడలు. రెండేళ్లుగా అలాగే నడుస్తోంది. మేస్త్రీకి తెలుసు, ఆ వీధి చివర టీ కొట్టు అతనికీ తెలుసు. ఆఫీసులో ఉన్న మాకు తెలియదు.

ఈఎస్‌ఐలో పేరు ఉండి ఉంటే పనిలో తగిలిన గాయానికి మొదటి రోజు నుంచే హక్కు ఉండేది. పనికి రాలేని రోజులకు జీతంలో 90 శాతం వచ్చేది. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదానికి కూడా, పనితో సంబంధం ఉంటే, 2010 సవరణ తర్వాత ఆ రక్షణ ఉంది. కోడలికి ఇవేవీ రాలేదు. తోటి కార్మికులు తలా కొంత వేసుకుని మందులు కొన్నారు. అత్త మాత్రం ఉద్యోగం తీసేయొద్దని నన్ను బతిమాలింది. మోకాళ్ల నొప్పులతో ఆమె వంగలేదు. మానేస్తే ఆ పని వేరేవాళ్లకు పోతుంది, ఆ ఇంటికి మరో ఆధారం లేదు.

ఇద్దరి మీదా చర్య తీసుకోవాలని నోట్ ఫైలు వచ్చింది. నేను ఒప్పుకోలేదు. శిక్షిస్తామంటే ఇలాంటివి ఇంకా లోపలికి దాక్కుంటాయి. యూనియన్ల వాళ్లను కూర్చోబెట్టి, నెల రోజుల్లో అసలు ఎవరు పనిచేస్తున్నారో చెప్పండి, ఎవరినీ ఏమీ అనం అన్నాను. మొదటి రెండు వారాలు ఎవరూ రాలేదు. తర్వాత పేర్లు వచ్చాయి, మేం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. వంగలేనివాళ్లను చెత్త వేరుచేసే షెడ్లకు, పార్కులకు మార్చాం. వాళ్లు ఖాళీ చేసిన చోటులో వాళ్ల ఇంట్లో మనిషిని తీసుకోవాలన్న ప్రతిపాదనలు పైకి పంపితే కొన్ని ఆమోదం పొందాయి, కొన్ని పొందలేదు. అందరికీ న్యాయం జరగలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆ కోడలికి మాత్రం ఎనిమిది నెలలకు తన సొంత పేరుతో ఈఎస్‌ఐ నంబరు వచ్చింది.

ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది కదా, ఇక ఈ సమస్య లేదని మీకు చెబుతారు. నమ్మకండి. అత్త వచ్చి ముఖం చూపించి ఇంటికి వెళ్తుంది, తర్వాత కోడలు వస్తుంది. అందుకే స్వయంగా వెళ్లి చూడమంటున్నాను.

రెండోది కాంట్రాక్టర్ల బిల్లులు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆప్కాస్ (ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ) వచ్చాక ఔట్‌సోర్సింగ్ జీతాల్లో మార్పు వచ్చింది కానీ, అంతకు ముందు ఒక కాంట్రాక్టరు కార్మికుల జీతంలో పీఎఫ్ కోసుకుని నెలల తరబడి కట్టలేదు. కాంట్రాక్టరు కట్టకపోతే కట్టాల్సింది అసలు యజమాని, అంటే మునిసిపాలిటీ. వీధి దీపాలు, పార్కులు, నీటి సరఫరా పనుల్లో ఇప్పటికీ కాంట్రాక్టర్లు ఉంటారు. పేరుపేరునా పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు జత చేయని బిల్లు మీ టేబుల్ దాటకూడదు. జీతం పెరిగినప్పుడు కూడా గమనించండి. నెలకు 21,000 రూపాయలు దాటితే ఈఎస్‌ఐ పరిధి పోతుంది, అప్పుడు ప్రమాద పరిహారం భారం నేరుగా సంస్థ మీద పడుతుంది. దానికి బీమా ముందే తీసుకోవాలి. ఇవన్నీ నా సర్వీసులో చూసిన నిబంధనలు. 2025 నవంబరులో కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి కాబట్టి సెక్షన్లు కొత్తవి చూసుకోండి.

మ్యాన్‌హోల్ విషయంలో ఒక్క మాట. ఎంత అర్జెంటైనా, ఏ కౌన్సిలర్ ఫోన్ చేసినా మనిషిని దించవద్దు. రక్షణ పరికరాలు లేకుండా డ్రైనేజీలో, సెప్టిక్ ట్యాంకులో దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. నా దగ్గర మురుగు కాలువలు శుభ్రం చేసే జెట్టింగ్ మిషన్ రిపేరులో ఉన్న రోజున ఒక అసిస్టెంట్ ఇంజినీరు, మనిషిని దించితే పది నిమిషాల పనే సార్ అన్నాడు. పక్క మునిసిపాలిటీ నుంచి బండి తెప్పించాను. సాయంత్రం వరకు ఆ వీధిలో మురుగు నిలిచింది, జనం తిట్టారు. పడ్డాను.

చెత్త ట్రాక్టర్లు, టిప్పర్ల డ్రైవర్ల లైసెన్సు గడువులు ఒక పట్టికలో రాయించి నెలనెలా చూడండి. లైసెన్సు లేని డ్రైవరు ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ బాధితుడికి కట్టినా ఆ డబ్బు మన దగ్గర వసూలు చేసుకోవచ్చు.

ఇక పీఎఫ్ నామినేషన్లు. సర్వీసులో ఉండగా చనిపోతే పీఎఫ్‌తో ముడిపడిన ఈడీఎల్‌ఐ బీమా కింద ఏడు లక్షల వరకు వస్తుంది, భార్యకు పింఛను కూడా వస్తుంది. కానీ ఆధార్‌లో ఒక పేరు, పీఎఫ్‌లో ఇంకో పేరు ఉంటే ఆ ఇల్లాలు సంవత్సరాలు తిరగాలి. మేం జీతాల రోజున మస్టర్ దగ్గరే ల్యాప్‌టాప్‌తో ఒక కుర్రాడిని కూర్చోబెట్టి ఒక్కొక్కరివీ సరిచేయించాం. ఇది మామూలు రోజుల్లోనే చేయాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత విజయవాడకు మా కార్మికులను పంపమన్నప్పుడు మాకు కొన్ని గంటల వ్యవధే ఉంది. బస్సు ఎక్కే ప్రతి మనిషి పేరు, ఈఎస్‌ఐ నంబరు, ఇంటి ఫోన్ నంబరు ఉన్న జాబితా మా దగ్గర సిద్ధంగా ఉంది కాబట్టి, ఆ సమయాన్ని టీటీ ఇంజెక్షన్లు వేయించడానికి, బూట్లు సరిపోయాయో లేదో చూడటానికి వాడుకోగలిగాం.