చల్లారిపోయానా, పంతులమ్మ గారూ?

ప్రశ్న: పంతులమ్మ గారికి వందనాలు. మాది మొగల్తూరు దగ్గర పల్లెటూరు. ఆరేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో పని చేసి, మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చేశాను. అక్కడ శుక్రవారం సెలవు దొరికితే చాలు, బస్సెక్కి తెలుగు ఆరాధనకి పరిగెత్తేదాన్ని. ఏడ్చి ప్రార్థన చేసేదాన్ని, సాక్ష్యం చెప్పేదాన్ని, గదికి వచ్చాక కూడా పాటలే. ఇక్కడ మా సంఘంలో ఆదివారం కూర్చుంటే వాక్యం మధ్యలో కునుకు వస్తోంది. స్త్రీల కూటానికి పిలిస్తే ఏదో వంక చెబుతున్నాను. నులివెచ్చగా ఉన్నవాళ్ళని ప్రభువు ఉమ్మేస్తానన్నాడు కదా, ఆ మాట గుర్తొస్తే రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టదు. నా విశ్వాసం చల్లారిపోయిందంటారా? ఆ ఉత్సాహం మళ్ళీ ఎలా వస్తుంది?
– ఒక సోదరి

జవాబు: అమ్మాయ్, ముందు ఒకటి అడుగుతాను, కోప్పడకు. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావు? నీ ఉత్తరం రెండో పేజీ ఇక్కడ అచ్చు వేయలేదు గానీ నేను చదివాను. నాలుగింటికి లేచి గేదె పాలు పితకడం, అత్తగారికి స్నానం చేయించడం, పిల్లలకి బాక్సులు కట్టడం, ఆ తర్వాత రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి సాయంత్రం దాకా తలకాయలు తీయడం. వారం మొత్తం మీద నువ్వు ఫ్యాను కింద కదలకుండా కూర్చునేది ఆ ఆదివారం రెండు గంటలే. అక్కడ కునుకు రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, వస్తే ఎందుకు?

ఏలీయా ప్రవక్త సంగతి సండే స్కూల్లో నేర్చుకునే ఉంటావు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది ఆయన ప్రార్థనకే. ఆ వెంటనే చంపేస్తానని యెజెబెలు రాణి బెదిరింపు అందింది. ప్రాణం దక్కించుకుని అరణ్యంలోకి పోయి, చెట్టు కింద కూర్చుని, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. అప్పుడు దేవదూత వచ్చి ఏం చేశాడు? నీ మంట ఏమైందని నిలదీయలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళ కూజా చూపించాడు. ఏలీయా తిని, తాగి, మళ్ళీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు కూడా. ఇంకోసారి లేపి ఇంకోసారి తినిపించాడు. దేవుడు “ఇక్కడేం చేస్తున్నావు?” అని అడిగింది ఆ తర్వాతెప్పుడో, నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాక. ప్రసంగాల్లో కర్మెలు మీద అగ్ని గురించి ఎంత సేపు చెబుతారో, ఈ రెండు భోజనాల గురించి అంత తక్కువ చెబుతారు. మా పాస్టర్ గారికి కూడా చెప్పాను ఈ మాట. నవ్వి ఊరుకున్నారు.

కాబట్టి ఈ వారంలో పీహెచ్‌సీకి వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్, థైరాయిడ్ రెండూ చూడమను. రక్తం తక్కువైన ఒంటికి పాట మీదా మనసు పోదు, కూర మీదా పోదు.

ఇక ఆ నులివెచ్చని మాట. అది బైబిల్ చివర ప్రకటన గ్రంథంలో, లవొదికయ అనే ఊరి సంఘానికి రాసింది. ఆ ఊరికి దగ్గర్లో హియెరాపొలిలో వేడి నీటి ఊటలు ఉండేవి. ఇటు కొలొస్సయిలో చల్లని మంచినీళ్ళు. లవొదికయకి మాత్రం నీళ్ళు దూరం నుంచి గొట్టాల్లో రావాలి. వచ్చేసరికి అటు వేడీ కావు, ఇటు చల్లనా కావు. ఇది దృష్టిలో పెట్టుకుని చదవాలని పండితులు చాలామంది చెబుతారు. నాకూ అదే సబబనిపిస్తుంది. చల్లగా ఉండడం తప్పయితే ప్రభువు “చల్లగానైనా, వెచ్చగానైనా ఉంటే మేలు” అని ఎందుకంటాడు? నొప్పి పట్టిన కాళ్ళకి వేడినీళ్ళు కావాలి, మే నెలలో దాహానికి కుండ నీళ్ళు కావాలి. ఎవరికీ ఏ పనికీ రాకుండా ఉండడం గురించి ఆ మాట. అత్తగారికి స్నానం చేయించే మనిషి గురించి కాదు.

కువైట్‌లో నీలో రగిలింది అబద్ధమని నేను అనను. వారం అంతా తెలుగు మాట చెవిన పడని చోట, పిల్లల్ని చూడక ఆరేళ్ళున్న చోట, శుక్రవారం నీకు ఊపిరి. కానీ నువ్వు ఏడ్చి అడిగినవి ఇప్పుడు నీ ఇంట్లో, నీ ముంగిట్లో తిరుగుతున్నాయి. అడిగేటప్పటి గొంతు అందాక కూడా అలాగే ఉండదు. మన కాలవల సంగతి నీకు నేను చెప్పాలా? దాళ్వా, అదే రెండో పంట వరి, అయ్యాక ఎండాకాలంలో నీళ్ళు కట్టేస్తారు. కొత్తగా చూసినవాళ్ళు ఎండిపోయిందనుకుంటారు. పూడిక తీసేదీ, లాకులు బాగు చేసేదీ అప్పుడే. మనం ముందే చెరువు నింపుకుని ఆ రోజులు గడుపుతాం.

నా సంగతి చెబుతాను. మా వారు చనిపోయిన ఏడాది నాకూ ఇలాగే అయింది. ముప్పై ఏళ్ళు సండే స్కూల్ చెప్పినదాన్ని, బైబిల్ తెరిస్తే అక్షరాలు కనబడేవి, అంతే. అప్పుడు మా వీధి చివర ఒకామె, లేసు అల్లే ముసలావిడ, కళ్ళకి శుక్లాలు వచ్చి, వారానికి ఒకసారి వచ్చి కీర్తన చదివి పెట్టమంది. మొదటి వారం వెళ్ళింది మొహమాటానికే, వానలో, బురదలో, తిట్టుకుంటూ. ఆమె అరుగు మీద కూర్చుని, దారపు ఉండ దొర్లిపోకుండా స్టీలు గిన్నెలో వేసుకుని అల్లుతోంది. కళ్ళు కనబడకపోయినా వేళ్ళకి లెక్క తెలుసు. నేను చదువుతుంటే గిన్నెలో ఉండ టక్ టక్‌మని ఎగురుతోంది. ఒక చోట ఆ చప్పుడు ఆగింది. “ఆ మాట మళ్ళీ చదవండి” అంది. మళ్ళీ చదివాను. ఆ రెండోసారి నాకు కూడా వినబడింది.

నాలుగో వారానికి గురువారం ఎప్పుడొస్తుందా అని చూడడం మొదలైంది. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకని ప్రభుత్వం వేసే ముద్ర, వచ్చిందని పేపర్లో పడితే అదీ చదివి వినిపించాను. “రేటు ఏమైనా పెంచారంటనా?” అని అడిగింది.

అందుకే ఉత్సాహం వచ్చాక వెళ్దామని కూర్చోకు. స్త్రీల కూటం కొన్నాళ్ళు మానేసినా ఫరవాలేదు, మీ పాస్టర్ అయ్యగారితో నేను చెప్పమన్నానని చెప్పు. నీ ఊళ్ళో గల్ఫ్‌కి వెళ్ళిన తల్లుల పిల్లలు ఎంతమంది ఉన్నారు? అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నవాళ్ళు? గల్ఫ్‌లో ఆ తల్లులకి ఎలా ఉంటుందో ఆ ఊళ్ళో నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఒక్క పిల్లని చూసుకో. వారానికి అరగంట. జడ వేస్తూ మాట్లాడు, వాళ్ళమ్మకి ఫోన్ కలుపు, పడుకునేముందు ఆ అమ్మ పేరు చెప్పి ప్రార్థన చేయించు. అది చాలు.

నాకు ఉత్సాహం అంటే గుర్తొచ్చే మనిషి హయ్యర్ అనే లూథరన్ మిషనరీ. 1842లో గుంటూరు వచ్చినాయన. తర్వాత అమెరికా వెళ్ళిపోయాడు. 1869లో రాజమండ్రి మిషన్ నడపలేక ఇంకో సొసైటీకి అప్పగించేద్దామని అక్కడ పెద్దలు అనుకుంటుంటే, వద్దు, నేను వెళ్తానని లేచాడు. అప్పటికి 76 ఏళ్ళు. ఓడెక్కి వచ్చి, ఏడాది పైన ఇక్కడ పని చేసి, కొత్తవాళ్ళకి అప్పజెప్పి వెళ్ళాడు. నాకిప్పుడు 71. పాలకొల్లు బస్సెక్కాలంటేనే రెండుసార్లు ఆలోచిస్తాను. ఆయన మోకాళ్ళు ఎలాంటివో!

ప్రశ్న: మా యూత్ వాళ్ళం శనివారం రాత్రి ప్రార్థన పెడుతున్నాం. బాక్సులు పెట్టి గట్టిగా పాడితేనే ఊపు వస్తుంది. పక్క వీధిలో పిల్లలకి పరీక్షలని తగ్గించమంటున్నారు. తగ్గిస్తే దేవుని పని ఆపినట్టు కాదా?
– ఒక తమ్ముడు, అమలాపురం వైపు నుంచి

జవాబు: కాదు, తగ్గించు నాయనా. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు కూడదని చట్టమే ఉంది. పరీక్షల రోజుల్లో ఎనిమిదికే కట్టేయండి. ఆ పిల్లలకి పెన్నులు కొని, వెళ్ళి ఇచ్చి రండి, వాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా సరే. న్యాయం లేని చోట మీ పాటల చప్పుడు నాకు వద్దని దేవుడు ఆమోసు ప్రవక్త చేత చెప్పించాడు, ఆ అయిదో అధ్యాయం ఈ శనివారం చదువుకోండి.

పాడడం మానమనను. మా నాన్న చేలోంచి చీకటి పడ్డాక గట్టు మీద పాడుకుంటూ వచ్చేవాడు, మైకూ లేదు, డోలకూ లేదు. ఆ పాట కాలవ వంతెన దగ్గర వినబడగానే మా అమ్మ అన్నం వడ్డించేది.