తాతగారి పొలం పాత రికార్డులు ఎక్కడ, ఎలా వెతకాలి? (ఆంధ్ర ప్రాంతం)

తాతగారి పేరు, ఊరి పేరు, సుమారు విస్తీర్ణం తప్ప మరేమీ తెలియదనీ, ఇంట్లో దస్తావేజు గానీ పాస్ పుస్తకం గానీ మిగల్లేదనీ, కోస్తా జిల్లాలోని ఆ పొలానికి పాత ప్రభుత్వ రికార్డులు ఎక్కడ దొరుకుతాయో, దొరికితే వాటిని ఎలా వాడుకోవాలో చెప్పమనీ మీరు అడిగారు. మా అమ్మగారి తరఫు తాతగారి పొలం విషయంలో నేను ఇదే పని చేశాను. ఆ అనుభవంతో, తర్వాత చట్టాలు చదివి నిర్ధారించుకున్న విషయాలతో ఈ సమాధానం రాస్తున్నాను.

మొదట ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఈ పొలం ఎవరిది అనే ప్రశ్నకు ఒక్క కాగితంతో జవాబు చెప్పే రికార్డు మన దగ్గర లేదు. రెవెన్యూ శాఖ శిస్తు వసూలు కోసం లెక్కలు రాసింది. సర్వే శాఖ కొలతల కోసం పటాలు గీసింది. రిజిస్ట్రేషన్ శాఖ తన ముందుకు వచ్చిన దస్తావేజులను పుస్తకాల్లోకి ఎక్కించింది. ఏ రికార్డును ఎవరు, ఏ అవసరం కోసం రాశారో గుర్తుపెట్టుకుంటే, అది ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో, ఏ ప్రశ్నకు చెప్పలేదో మీకే తెలిసిపోతుంది. రికార్డు దొరకలేదని నిరాశపడేవారిలో చాలామంది, నా పరిశీలనలో, ఒక శాఖ రికార్డును మరో శాఖ ప్రశ్న అడిగినవారే.

వెతకడం పేరుతో కాకుండా సర్వే నంబరుతో మొదలుపెట్టండి. మనుషులు మారుతారు, పేర్లు రాసే తీరు మారుతుంది, నంబరు మాత్రం తరాలపాటు నిలుస్తుంది. మీభూమి పోర్టల్‌లో ఇప్పటి అడంగల్ (ఏటేటా పంట, సాగుదారు వివరాలు రాసే గ్రామ లెక్క), 1బి (హక్కుదారు వారీగా భూముల రికార్డు), గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం) చూడవచ్చు. మీ పొలాన్ని ప్రస్తుతం సాగు చేస్తున్నవారి పేరు గానీ, పక్క పొలం వారి పేరు గానీ తెలిస్తే దాని ద్వారా నంబరు పట్టుకోవచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, మనం ఊరు అని పిలిచేది రెవెన్యూ గ్రామం (ప్రభుత్వం భూమి లెక్కలు రాసే గ్రామం) కాకపోవచ్చు. మా తాతగారి ఊరు నిజానికి పక్క రెవెన్యూ గ్రామానికి శివారు కావడంతో, ఆ గ్రామం పేరు ఎంచుకుంటే తప్ప ఏ పుటలోనూ పొలం కనిపించలేదు. రెండవది, 2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలైన తర్వాత, అది పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. మీ గ్రామం వాటిలో ఉంటే కొత్త నంబరుకు సరిపోయే పాత సర్వే నంబరు ఏదో ముందుగా తహసీల్దారు కార్యాలయంలో లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. అది తెలియకుండా పాత రికార్డుల జోలికి వెళ్లి ప్రయోజనం లేదు.

నంబరు దొరికాక మూలానికి వెళ్లాలి. రైత్వారీ గ్రామాలకు, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన గ్రామాలకు, ఆ మూలం ఆర్‌ఎస్‌ఆర్, అంటే శిస్తును తిరిగి నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. రెవెన్యూ కార్యాలయాల్లో దీనినే డైగ్లాట్ అని కూడా అంటారు. చాలా గ్రామాలకు ఇది ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల నాటిది. ప్రతి సర్వే నంబరుకూ భూమి ప్రభుత్వానిదా, రైత్వారీదా, ఇనామా (శిస్తు లేకుండా గానీ తక్కువ శిస్తుతో గానీ దానంగా ఇచ్చిన భూమి), మెట్టా మాగాణా, విస్తీర్ణమెంత, శిస్తు ఎంత, అప్పటి పట్టాదారు ఎవరు అనే వివరాలు ఇందులో ఉంటాయి. మీ గ్రామం ఒకప్పుడు జమీందారీ ఎస్టేటులో ఉండి ఉంటే పరిస్థితి వేరు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత అటువంటి గ్రామాల్లో సర్వే, సెటిల్‌మెంటు జరిపి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారు చేశారు. అక్కడ దానినే మూల రికార్డుగా తీసుకోవాలి. భూమి ఇనాం అయితే, 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ విచారణల నుంచి వచ్చిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూడాలి. ఆ ఇనాం వ్యక్తికి ఇచ్చిందా, గ్రామ సేవకు ఇచ్చిందా, దేవాలయానికి ఇచ్చిందా అనేది అందులో తేలుతుంది. దేవాదాయానికి చెందిన ఇనాం అయితే తర్వాత జరిగిన అమ్మకాలన్నీ ప్రశ్నార్థకమవుతాయి కనుక, ఇది ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిది.

ఆర్‌ఎస్‌ఆర్ చూసేటప్పుడు పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో పేరుకు బదులు చుక్కలు కనిపిస్తే కంగారు పడకండి, కానీ తేలికగానూ తీసుకోకండి. వీటినే చుక్కల భూములు అంటారు. యజమాని ఎవరో తేల్చకుండా ఆనాడు వదిలిన ఆ చుక్కల వల్ల, తరాలుగా సాగు చేస్తున్న కుటుంబాలు కూడా తర్వాతి కాలంలో రిజిస్ట్రేషన్ చేయించుకోలేక ఇబ్బంది పడ్డాయి. ఈ సమస్య కోసమే రాష్ట్రంలో 2017లో ప్రత్యేక చట్టం చేశారు. అలాగే ఆ నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద ఉన్న, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఉందేమో, ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన, అంటే కేటాయించి ఇచ్చిన, భూమేమో కూడా ఇప్పుడే చూసుకోండి. అసైన్డ్ భూమి చేతులు మారడానికి 1977 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది.

మూల రికార్డుకూ ఈనాటికీ మధ్య ఉన్న దశాబ్దాల ఖాళీని పూరించేవి అడంగళ్లు. నన్ను అడిగితే మనకున్న గ్రామ లెక్కల్లో అన్నిటికంటే విలువైనవి ఇవే. ఎందుకంటే ఇవి ఒక్కసారి రాసి వదిలేసినవి కావు. ఏటేటా, ఫసలీ వారీగా, ఏ నంబరులో ఏ పంట వేశారు, నీరు ఎక్కడిది, పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు అని రాస్తూ వచ్చినవి. ఫసలీ జూలై 1న మొదలై మరుసటి ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1400 అంటే 1990–91 అన్నమాట. పట్టాదారు గడిలో పేరు పాతదే ఉండిపోయి, అనుభవదారు గడిలో పేరు మారిన ఏడాదిని గుర్తించగలిగితే, కుటుంబంలో ఏదో జరిగిన ఏడాది అదే అని అర్థం చేసుకోవచ్చు: మరణమో, పంపకమో, అమ్మకమో, కౌలో. మా విషయంలో తాతగారి పేరు పోయి పెదమామయ్య పేరు అనుభవంలోకి వచ్చిన ఫసలీ తెలియగానే, రిజిస్ట్రేషన్ పుస్తకాల్లో ఏ సంవత్సరాల మధ్య వెతకాలో తేలిపోయింది. అడంగల్‌తో పాటు, 10(1) అని పిలిచే ఖాతాల లెక్క దొరికితే అది కూడా అడగండి. ఒక ఖాతాదారుకు గ్రామంలో ఉన్న నంబర్లన్నీ అందులో ఒకచోట కనిపిస్తాయి, మీకు తెలియని పొలం బయటపడే అవకాశమూ ఉంటుంది.

ఈ పాత అడంగళ్లు ఎక్కడ ఉంటాయన్నది అసలు చిక్కు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యే వరకు గ్రామ లెక్కలు కరణాల చేతుల్లో ఉండేవి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఈ రెండు మార్పుల్లోనూ రికార్డులు ఒక చోటి నుంచి మరో చోటికి కదిలాయి. అందువల్ల మీ మండల కార్యాలయంలో లేవని చెప్పినంత మాత్రాన ఎక్కడా లేవని కాదు. పూర్వం తాలూకా కేంద్రంగా ఉన్న ఊరి తహసీల్దారు కార్యాలయంలోనూ, ఆర్డీఓ కార్యాలయంలోనూ, కలెక్టరేటు రికార్డు గదిలోనూ విడివిడిగా అడగాలి. కొలతల రికార్డు కోసం జిల్లా సర్వే, భూమి రికార్డుల కార్యాలయాన్ని సంప్రదించాలి. పాత లెక్కల్లో గొలుసుకట్టు రాత, తెలుగు అంకెలు వస్తాయి. అవి అలవాటున్న పెద్దవారిని ఒకరిని వెంట తీసుకువెళ్లండి, ఒక అంకెను పొరపాటుగా చదివితే నంబరే మారిపోతుంది.

ఇక రిజిస్ట్రేషన్ రికార్డులు. ఆన్‌లైన్‌లో వచ్చే ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి జరిగిన లావాదేవీలను మాత్రమే చూపుతుంది. అందులో ఏమీ లేకపోతే అంతకుముందు కూడా ఏమీ జరగలేదని చాలామంది అనుకుంటారు. అంతకుముందు కాలానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, చేతిరాత సూచికల్లో వెతికించాలి. పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి ఉంటాయి, రెండింటిలోనూ వెతకమని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల పరిధులు కూడా కాలక్రమంలో మారాయి కనుక, ఆ నాడు మీ గ్రామం ఏ కార్యాలయం కింద ఉండేదో ముందుగా కనుక్కోండి. ఈసీకి ఉన్న హద్దులు కూడా తెలిసి ఉండాలి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, నోటి మాటగా జరిగిన పంపకాలు, వారసత్వంగా సంక్రమించడం వంటివి అందులోకి రావు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 57వ సెక్షన్‌ను మీరు ఒకసారి శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే 1వ పుస్తకాన్నీ, దాని సూచికనూ ఫీజు చెల్లించి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. అంటే మీ దస్తావేజే కానక్కరలేదు, పక్క పొలం వారి దస్తావేజు నకలు కూడా తీసుకోవచ్చు. దీని విలువ నాకు అనుభవంలో తెలిసింది. మా తాతగారి కొనుగోలు దస్తావేజు దొరకకముందే, తూర్పు పక్క పొలం అమ్మకపు దస్తావేజులో పడమటి హద్దుగా మా తాతగారి పేరు, ఆయన తండ్రి పేరుతో సహా కనిపించింది. మాతో ఏ సంబంధమూ లేని ఇద్దరు, మా పొలం గురించి ఏ వివాదమూ లేని రోజుల్లో రాయించుకున్న మాట అది. అటువంటి దానికి ఉండే బలం వేరు. వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవారు బతికి ఉన్నంతకాలం వారికీ, వారి ఏజెంటుకూ తప్ప ఇతరులకు నకలు ఇవ్వరు. వారు మరణించిన తర్వాత దరఖాస్తు చేసిన ఎవరికైనా ఇవ్వవచ్చు. కాబట్టి తాతగారు వీలునామా రాశారేమో అన్న అనుమానం ఉంటే మరణ ధ్రువపత్రం జతచేసి అడగండి.

పేర్ల విషయంలో ఓపిక కావాలి. ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, మరో చోట ఒక్క అక్షరంగా ఉంటుంది. దత్తత వెళ్లినవారు రెండు ఇంటిపేర్లతోనూ కనిపిస్తారు. మైనర్ల ఆస్తి సంరక్షకురాలైన తల్లి పేరుతో నమోదై ఉండవచ్చు. ఆడవారి పేరు పక్కన కొన్నిసార్లు తండ్రి పేరు, కొన్నిసార్లు భర్త పేరు ఉంటుంది. వెతకడానికి వెళ్లేముందు ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి వంశవృక్షం రాసుకోండి. ఒకే పేరున్న ఇద్దరు తాతమనవళ్లను వేరు చేసేది తండ్రి పేరే.

అడిగే పద్ధతి గురించి. నోటిమాటగా అడిగితే లేదు అన్న జవాబు తేలికగా వస్తుంది. రికార్డు పేరు, రెవెన్యూ గ్రామం, సర్వే నంబరు, ఏ ఫసలీ నుంచి ఏ ఫసలీ వరకు అన్నది రాసి, నకలు కోరుతూ దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. స్పందన రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఎందుకు కావాలో చెప్పనవసరం లేదు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. రికార్డు వేరే కార్యాలయంలో ఉంటే మీ దరఖాస్తును 5 రోజుల్లో అక్కడికి పంపవలసిన బాధ్యత వారిదే. జవాబు రాకపోయినా, అసంతృప్తిగా ఉన్నా 30 రోజుల లోపల మొదటి అప్పీలు చేసుకోవచ్చు. పొలం నా పేరున ఎందుకు లేదు, ఎవరు మార్చారు వంటి ప్రశ్నలు ఇందులో రాయకండి, చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారాన్నే. దానికి బదులు, ఫలానా నంబరుకు సంబంధించిన అడంగళ్లను స్వయంగా పరిశీలించే అవకాశం కోరండి. ఆ హక్కు కూడా అదే చట్టంలో ఉంది, నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఇదే. రికార్డు నిజంగా దొరకకపోతే, వెతికినా లభ్యం కాలేదని లిఖితపూర్వకంగా తీసుకుని భద్రపరచుకోండి, తర్వాత వేరే ఆధారాలపై ఆధారపడవలసి వచ్చినప్పుడు అది అక్కరకు వస్తుంది.

పోర్టల్ నుంచి తీసిన ప్రింటు వెతుకులాటకు పనికొస్తుంది తప్ప ఆధారంగా చూపడానికి చాలదు. అధికారి సంతకం, హోదా, తేదీ, ముద్ర ఉన్న ధ్రువీకృత నకలు కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో దీనికి 75వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే నకలు మూల దస్తావేజులో ఏముందో రుజువు చేయడానికి చెల్లుతుందని పైన చెప్పిన 57వ సెక్షనే చెబుతోంది. వచ్చిన నకళ్లన్నిటినీ కాలక్రమంలో పేర్చి, ఏ సంవత్సరానికి ఏ రికార్డులో ఎవరి పేరు ఉంది, విస్తీర్ణం ఎంత, సబ్‌డివిజన్ ఏది అని ఒక కాగితం మీద రాసుకోండి. ఖాళీలు ఎక్కడున్నాయో, విస్తీర్ణం ఎక్కడ తగ్గిందో అప్పుడు కనిపిస్తుంది. తగ్గుదల ప్రతిసారీ అన్యాయం కాదు. రోడ్డుకో కాలువకో భూసేకరణ జరిగి ఉండవచ్చు, ఎఫ్‌ఎంబీతో పోల్చి చూస్తే తెలుస్తుంది.

అడంగల్‌లో గానీ 1బిలో గానీ పేరు ఉన్నంత మాత్రాన యాజమాన్యం రాదని, లేనంత మాత్రాన పోదని న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి. నమోదు పొరపాటు అయితే 1971 నాటి పాస్ పుస్తకాల చట్టం కింద తహసీల్దారుకు, ఈ నకళ్లతో పాటు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి దరఖాస్తు చేసుకోవచ్చు. యాజమాన్యమే వివాదంలో ఉంటే సివిల్ కోర్టుకు వెళ్లక తప్పదు. అటువంటప్పుడు మీరు తయారు చేసుకున్న ఆ కాగితాన్నీ నకళ్లనూ న్యాయవాదికి మొదటి రోజే ఇవ్వండి, కేసు నిలుస్తుందా లేదా అన్నది ఆయన వాటిని బట్టే చెప్పగలరు.

ఇదంతా ఆంధ్ర ప్రాంతపు గ్రామాలకు వర్తించేది. మీ తాతగారికి తెలంగాణలో కూడా పొలం ఉండి ఉంటే అక్కడ సేత్వార్ (తొలి సర్వే రిజిస్టర్), 1954–55 నాటి ఖాస్రా పహాణీ మూలంగా తీసుకుని, ఆ తర్వాతి పహాణీల (అక్కడి అడంగళ్ల) మీదుగా ఇప్పటి భూభారతి పోర్టల్ వరకు రావాలి. విస్తీర్ణం అక్కడ సెంట్లలో కాకుండా ఎకరానికి 40 గుంటల లెక్కన ఉంటుంది.