ఆ మెట్ల మీద మీకేం పనమ్మా?

ఉత్తరం: మేము న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. నాకు నలభై నాలుగు, మావారికి నలభై తొమ్మిది. మంచి ఉద్యోగం, ఏ చెడు అలవాటూ లేదు, ఒక్క ఈ జాజ్ రికార్డుల పిచ్చి తప్ప. బేస్‌మెంట్‌లో పదకొండు వందల దాకా పోగేశారు. ఫోన్లో అన్నీ ఉచితంగా వస్తుంటే ఈ పాత ప్లేట్లు ఎందుకండీ అంటే నవ్వి ఊరుకుంటారు. మొన్న ఒక్కదానికి 340 డాలర్లు పెట్టారు. ఎవరో పెద్దవాళ్ళు పోయిన ఇంట్లో సామాన్లు అమ్ముతుంటే వెళ్ళి తెచ్చేవీ ఉన్నాయి. ఒకదాని అట్ట మీద పాతాయన పేరు, కింద 1961 అని ఇంకుతో రాసి ఉంది. ఆఫీసు నుంచి రాగానే కిందికి దిగితే పదింటికి గానీ పైకి రారు. కాఫీ తీసుకెళ్తే "ఈ సైడ్ అయ్యేదాకా ఆగు" అంటారు. ఇంటి లోను సగానికి పైగా తీరింది, అబ్బాయి కాలేజీ డబ్బు జోలికి పోలేదు, అది వేరే సంగతి. విసుగొచ్చి ఒక నలభై రికార్డులు తీసి మా తమ్ముడి గ్యారేజీలో పెట్టించాను, ఆయనకి తెలియదు. అమ్మేద్దామని ఫొటోలు కూడా తీశాను. అమ్మేయమంటారా? ఈ పిచ్చి మాన్పించే దారేమిటి?

తా.క.: అత్తయ్యగారు పోయాక మావయ్యగారు మా దగ్గరే ఉంటున్నారు, మూడేళ్ళయింది. ఎనభై ఒక్క ఏళ్ళు, హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. తండ్రీకొడుకులు పెద్దగా మాట్లాడుకోరు. "టీవీ సౌండు తగ్గించమను" అని ఈయన, "బీపీ మాత్రలు అయిపోయాయని వాడికి చెప్పు" అని ఆయన, అన్నీ నా ద్వారానే. మావారు చిన్నప్పుడు ఊళ్ళో పెళ్ళి బ్యాండు వాళ్ళ దగ్గర క్లారినెట్ నేర్చుకుంటుంటే మావయ్యగారు వెళ్ళి లాక్కొచ్చారట, మా ఆడపడుచు ఒకసారి చెప్పింది. మావారు మాత్రం ఎప్పుడూ అనలేదు.

జవాబు:

అమ్మా, ముందు మీరు అడిగినదానికి చెప్పేస్తాను. అమ్మొద్దు. పిచ్చి మాన్పించే దారి నా దగ్గర లేదు, ఉన్నా చెప్పను. తాగుడు లేదు, పేకాట లేదు, దీని కోసం చేసిన అప్పు లేదు. నెలకి ఇంత అని ఇద్దరూ కూర్చుని ఒక మాట అనుకోండి, ఆయన అది దాటితే అప్పుడు గట్టిగా అడగండి, నేనూ మీ వైపే ఉంటాను. పోయిన అక్షయ తృతీయకి మీరేం కొన్నారో నేను అడగడం లేదు కదా.

ఫోన్లో ఉచితంగా వస్తుంటే ఎందుకు అంటారా. నాకూ జాజ్ పెద్దగా ఎక్కదు. నాకు తెలిసిందంతా చెన్నైలో ఉండే మా మరిది పుణ్యం. రెండు గదుల ఇంట్లో ఒక గోడంతా ఈ రికార్డులే పెట్టుకున్నాడు, వెళ్ళినప్పుడల్లా కూర్చోబెట్టి వినిపిస్తాడు. మొదట్లో నేనూ మీలాగే అడిగాను. జవాబు చెప్పకుండా రికార్డు తీసి, అంచులు అరచేతుల మధ్య పట్టుకుని, లైటుకి ఎదురుగా వంచి చూపించాడు. పాట అయిపోయాక మధ్యలో నున్నటి జాగా ఉంటుంది చూశారా, అక్కడ చిన్నగా చెక్కిన అక్షరాలు ఉన్నాయి, ఆర్‌వీజీ అని. రూడీ వాన్ గెల్డర్. జాజ్‌లో పెద్ద పేర్లు చాలావాటిని రికార్డు చేసిన ఇంజనీరు ఆయన. మీవారు 340 పెట్టినదాని మీదా ఆ మూడక్షరాలు ఉండే ఉంటాయి, పక్కన చెవి ఆకారంలో చిన్న గుర్తు కూడా ఉంటే అది ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో అచ్చయిన, బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ తొలినాటి కాపీ అని లెక్క. ధర ఆ చెవికే.

అయితే ధర కోసం, గుర్తుల కోసమే అయితే ఎవరూ పదకొండు వందలు పోగెయ్యరు. మనకి రాగం తెలుసు, ఆలాపన తెలుసు. ఒకే విద్వాంసుడు ఒకే రాగం ఇవాళ పాడినట్టు రేపు పాడడు. జాజ్ వాళ్ళదీ అదే దారి, మనం మనోధర్మం అనేదే వాళ్ళకి ప్రాణం. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్‌ది 1959 నాటి రికార్డు ఒకటి లోకమంతా కొంది. అది రెండే రెండు రోజుల్లో అయిపోయింది, వాయించేవాళ్ళకి ఆయన చేతికిచ్చింది కొద్దిపాటి స్వరాల చట్రమే. పైగా మొదటి రోజు రికార్డు చేసేటప్పుడు టేపు మిషను కాస్త నెమ్మదిగా తిరగడంతో, దాన్ని మామూలు వేగంతో వినిపించేసరికి ఒక వైపు పాటలన్నీ అసలు శ్రుతి కంటే ఓ పిసరు పైకి వినిపిస్తాయి. ముప్పై ఏళ్ళకి పైగా జనం దాన్ని ఆ తప్పుతోనే విన్నారు. తర్వాత సరిచేశారు, అయినా ఆ తప్పున్న పాత కాపీలనే వెతుక్కునేవాళ్ళున్నారు. మా మరిది అలాంటివాడే, ఎందుకురా అంటే "అప్పట్లో కొన్నవాళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో విన్నది అదే కదా వదినా" అంటాడు.

ఇక ఆ "సైడ్ అయ్యేదాకా ఆగు". ఎల్పీ, అంటే ఈ పెద్ద రికార్డు, ఒక వైపు ఇరవై నిమిషాల చిల్లర వస్తుంది. ముల్లు పెట్టాక లేచి వెళ్ళడానికి లేదు, అయ్యాక కూర్చుని ఉండడానికి లేదు, లేచి తిప్పాలి. ఫోన్లో అయితే వంట చేస్తూ వింటాం, కారు నడుపుతూ వింటాం, అసలు వింటున్నామో లేదో కూడా తెలియదు. వీళ్ళకి కావలసింది ఆ కట్టుబాటే, ఇరవై నిమిషాలు ఎవరూ పిలవకూడదు, ఏదీ ఆపకూడదు. కాఫీ పట్టుకొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టడం మాత్రం తప్పే. అది సంగీతం మీద భక్తి కాదు, మర్యాద తెలియకపోవడం, ఆ మాట ఆయనతో చెప్పండి. మిమ్మల్నీ ఒకటి అడుగుతాను. మీరు ఎప్పుడైనా లోపల కూర్చున్నారా? ఉత్తరమంతా వెతికాను, మీరు ఆ గుమ్మం దాకానే ఉన్నారు.

పోయినవాళ్ళ సామాను ఇంట్లోకి రావడం మీకు కాస్త పట్టింపుగా ఉన్నట్టుంది. మా అమ్మకీ ఉండేది, నేను వాదించను, గుమ్మానికి ఓ నిమ్మకాయ కట్టుకోండి. కానీ అట్ట మీద తన పేరు, సంవత్సరం రాసుకున్న ఆ పెద్దాయన సంగతి ఒకసారి చూడండి. 1961లో కొనుక్కున్నాడు, దాచుకున్నాడు, పోయాడు, పిల్లలు వాకిట్లో బల్ల మీద పెట్టి అమ్మేశారు. మీవారు దాన్ని తెచ్చి ఆ పేరు మీకు చూపించారంటే గొప్ప కోసం అయ్యుండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక పేజీ ఉత్తరంలో రికార్డుల లెక్క, డబ్బు లెక్క అంతా పైన రాసి, అసలు ముక్కని తా.క.లో పడేశారు.

ఇందాక చెప్పిన వాన్ గెల్డర్ పగలు కళ్ళు పరీక్షించి అద్దాలు రాసిచ్చేవాడు. రికార్డింగ్ అంతా హాకెన్‌సాక్‌లో, మీకు గంట ప్రయాణం కూడా ఉండదేమో, వాళ్ళ అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో. ఆ ఇల్లు కట్టుకునేటప్పుడే కొడుకు కోసమని హాలు పక్కన మిషన్లకి ఒక గది, మధ్యలో అద్దం పెట్టించారు. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకునేదాకా మైల్స్ డేవిస్, కోల్ట్రేన్, మంక్, ఇలాంటి జాజ్ మహామహులంతా ఆ అమ్మానాన్నల హాల్లోనే నిలబడి వాయించారు. సోఫాలు జరిపి డ్రమ్ములు పెట్టుకోనిచ్చిన ఆ తల్లిదండ్రుల్ని తలుచుకోండి. మీవారికి ఈ కథ తెలియకుండా ఉండదు, ఆ అక్షరాలు కొనేవాళ్ళందరికీ తెలుసు. పదమూడేళ్ళప్పుడో పద్నాలుగేళ్ళప్పుడో క్లారినెట్ చేతిలోంచి పోయిన పిల్లవాడు, కొడుకు సంగీతానికి ముందుగది ఇచ్చేసిన ఇంట్లో తయారైన రికార్డులు ఏరుకుంటున్నాడు. మీరు వాటిని పాత ప్లేట్లు అంటున్నారు.

మావయ్యగారిని నేను దుర్మార్గుడు అనడం లేదు. హెడ్మాస్టరుగారి అబ్బాయి పెళ్ళి ఊరేగింపులో బ్యాండు వాళ్ళ మధ్య నిలబడితే ఆ రోజుల్లో ఊళ్ళో ఏమనేవాళ్ళో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ అనేదాంట్లో సంగీతం ఊసే ఉండదు, వాయించేవాళ్ళ కులం గురించే అంతా. మన ఇళ్ళల్లో మేళం లేకుండా పెళ్ళి జరగదు, మేళం వాళ్ళకి భోజనం ఆఖరి పంక్తిలో. ఆయన ఆ ఊరికి భయపడ్డారు. లెక్కల పరీక్ష కూడా ఉండే ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. కొడుకు చదువుకున్నాడు, అమెరికా వెళ్ళాడు, ఎడిసన్‌లో ఇల్లు కొన్నాడు, ఆ లెక్కన ఆయనే గెలిచారు. గెలిచినాయన పైన టీవీ ముందు కూర్చున్నారు, కొడుకు కింద.

మధ్యలో మెట్లు. ఆ మెట్ల మీద మీరు. కాఫీలతో, మాత్రల డబ్బాతో, "తగ్గించమన్నారు", "అయిపోయాయట" అనే కబుర్లతో మూడేళ్ళుగా ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. మావయ్యగారికి అన్నం పెట్టడం మీ ధర్మమంటే ఒప్పుకుంటాను. నేనూ చేశాను, ఏడుస్తూ కొన్నాళ్ళు, ఇష్టంగా కొన్నాళ్ళు. కానీ తండ్రి మాట కొడుక్కి, కొడుకు మాట తండ్రికి మోయడం ఏ కోడలి ధర్మమూ కాదు. మీరు మోస్తున్నంతకాలం వాళ్ళకి మాట్లాడుకోవాల్సిన అవసరం రాదు. మీ కోపం రికార్డుల మీద అనుకుంటున్నారు గానీ ఆ మెట్ల మీదమ్మా.

మానెయ్యండి. ఈ శనివారం నుంచి. మావయ్యగారు మాత్రలు అయిపోయాయంటే, "కింద ఉన్నారు, పిలవండి మావయ్యగారూ" అనండి. గొంతు పెంచక్కర్లేదు, మొహం మాడ్చుకోవద్దు. మీవారు టీవీ గురించి అంటే, "మీ నాన్నగారే కదా, మీరే చెప్పండి" అని మీ పని మీరు చూసుకోండి. రెండు మూడు రోజులు ఇంట్లో బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఎవరో ఒకరు మీ మీద విసుక్కుంటారు, బహుశా ఇద్దరూ. విసుక్కోనివ్వండి. మాత్రలు మాత్రం ఒక వారానివి విడిగా మీ దగ్గర పెట్టుకుని ఉండండి, వీళ్ళ పంతాలకి పెద్దాయన బీపీ బలి కాకూడదు.

క్లారినెట్ సంగతి మీరు ఎత్తొద్దు. మావయ్యగారినీ అడగొద్దు, ఆడపడుచుతో ఫోన్లో చర్చలూ వద్దు, ఇద్దర్నీ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి కన్నీళ్ళు పెట్టించే కార్యక్రమాలు అసలే వద్దు. అది అడగాల్సింది కొడుకు, చెప్పాల్సింది తండ్రి. ఎనభై ఒక్క ఏళ్ళాయనకి ఎంత టైముందో మీవారికి లెక్క తెలియదా? మీవారికి నా తరఫున ఒక్క మాట చెప్పండి. తండ్రి మీద కోపం ఉండొచ్చు బాబూ, అది మీ హక్కు, కానీ పైనున్న మనిషితో పెళ్ళాం చేత కబురు పంపించడం మగతనం కాదు. కోపమైనా ఎదురుగా కూర్చునే పడండి.

మీరు చేయగలిగింది ఇంకొకటి ఉంది. ఆ ప్లేయర్ని ఓ ఆదివారం పైన హాల్లోకి తెప్పించండి, ఈ వయసులో మావయ్యగారికి ఆ మెట్లు దిగడం కష్టం కదా. ఒక్క సైడ్ పెట్టమనండి, క్లారినెట్ ఉన్నది ఏదో మీవారినే ఎంచుకోమనండి, ఎందుకని చెప్పకండి. మీరూ కాఫీ పట్టుకుని నిలబడకుండా కూర్చోండి. మావయ్యగారు "ఏమిట్రా ఈ బాకాల గోల" అనే అవకాశం బాగా ఉంది. అంటే అన్నారు. కొడుకుతోనే కదా అన్నారు, మీతో చెప్పి పంపలేదు కదా.

ఇక ఆ నలభై. ఆయనకి తెలియదని రాశారు. తెలుసమ్మా. రికార్డులు దాచుకునే మనిషికి వరసలో ఖాళీ కనిపించకపోవడం అనేది ఉండదు, మా మరిది అయితే ఒక్కటి తీసి పక్కన పెట్టినా రాత్రికల్లా అడుగుతాడు. మీవారు అడగలేదు. పోయినదాని గురించి నోరెత్తకపోవడం ఆయనకి చిన్నప్పటి అలవాటు. మళ్ళీ సొంతింట్లోనే, ఈసారి తీసింది మీరు.

ఫొటోలు ఫోన్లోంచి తీసేయండి. రేపే మీ తమ్ముడికి ఫోన్ చేయండి, ఎండాకాలం వచ్చేస్తోంది, గ్యారేజీ వేడికి రికార్డులు అప్పడాల్లా వంకర తిరుగుతాయి. తెచ్చేటప్పుడు అట్టపెట్టెలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి తేవద్దు, నిలబెట్టి తెమ్మనండి. తెచ్చాక మీరే దొంగచాటుగా సర్దేయకండి. ఏది ఏ వరసలోదో మీకు తెలియదు కదా, ఆయన్నే అడిగి ఒక్కొక్కటీ అందివ్వండి.