సెల్లారును ఆఫీసుగా మార్చే ముందు

చిరంజీవి అబ్బాయికి,

మీ పెదనాన్న ఆశీస్సులు. ట్రంకు రోడ్డులోని గదికి కట్టే అద్దె మిగులుతుందనీ, ఈ కత్తెర ఎండల్లో కూడా ఇంటి కింది సెల్లారు చల్లగా ఉన్నదనీ, అందుచేత జీఎస్టీ లెక్కలు చూసే నీ ఆఫీసును అక్కడికి మార్చాలనుకుంటున్నాననీ రాశావు. 30 ఏళ్ళకు పైగా ఇళ్ళు కట్టించినవాడినని నన్ను అడిగావు కాబట్టి ముందే చెబుతున్నాను: ఇది మే నెలలో తీసుకోవలసిన నిర్ణయం కాదు. నెల్లూరులో సెల్లారు అసలు స్వభావం కార్తీకంలో గాని బయటపడదు.

మనకు నైరుతి కన్నా ఈశాన్య రుతుపవనాలే ఎక్కువ వాన ఇస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు లోపల వాయుగుండాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి, చెరువులు నిండి, భూమిలో నీటిమట్టం పైకి లేస్తుంది. 2021 నవంబరు పెన్న వరదకు పడుగుపాడు దగ్గర రైలుకట్టే కొట్టుకుపోయింది. మీ వీధి నదికి దూరం కాబట్టి ఆ భయం లేదని నీవు అనవచ్చు. కాని సెల్లారు మునగడానికి నది రానక్కర లేదు. 2015 నవంబరు వానల్లో నేను మా ర్యాంపు మొదట్లో జానెడు ఎత్తు గట్టు కట్టించి, ఇసుక బస్తాలు వేయించి, నిశ్చింతగా పైన పడుకున్నాను. తెల్లవారి చూస్తే కింద మోకాలి లోతు నీళ్ళున్నాయి. ర్యాంపు మీదుగా చుక్క రాలేదు. వీధి కాలువ నిండిపోయి, దానికన్నా దిగువనున్న బాత్‌రూము జాలీలోంచి మురుగు వెనక్కి తన్నింది. కరెంటు పోవడంతో సంపు మోటారు తిరగలేదు. ఊరందరికీ సలహాలు చెప్పిన నేను ఎదురు నీటిని ఆపే వాల్వు నా ఇంటికే పెట్టించుకోలేదు.

కనుక ఈ ఏడు పని మొదలుపెట్టకుండా పరీక్ష మాత్రం చెయ్యి. సెల్లారు గచ్చు మీద నాలుగైదు చోట్ల మూరెడు ప్లాస్టిక్ కాగితాలు పరచి, అంచులన్నీ టేపుతో అంటించి, రెండు రోజుల తర్వాత ఎత్తి చూడు. అడుగువైపు తడి ఉంటే అది నేల నుంచి వచ్చే చెమ్మ. పైవైపు మాత్రమే తడి ఉంటే గాలిలోని తేమ చల్లని గచ్చు మీద నీరైందని అర్థం. రెండవదానికి గాలి ఆడే ఏర్పాటో, ఏసీయో సరిపోతుంది. మొదటిదానికి వైద్యం ఖరీదు. దీన్ని ఇప్పుడొకసారి, వానలు బాగా పడ్డాక నవంబరులో మరొకసారి చెయ్యి. గోడల అడుగున తెల్లగా ఉప్పు పూసినా, సున్నం పొడిగా రాలినా అక్కడ ఊట ఉన్నట్టే. వాటిపై రంగు వేయించి దాచే మేస్త్రీలు చాలామంది ఉన్నారు. నీటిని గోడ బయటివైపు ఆపాలి గాని లోపలివైపు కాదు. లోపల పూసిన వాటర్‌ప్రూఫింగ్‌ను వెనుక నుంచి నీరు నెట్టి పెచ్చులు ఊడగొడుతుంది. బయటివైపు పని చేయాలంటే ఇంటి చుట్టూ తవ్వాలి, ప్రహరీ దగ్గరగా ఉన్న మీ స్థలంలో అది ఎంతవరకు సాధ్యమో నీవే కొలిచి చూడు. మేస్త్రితో మాట్లాడేటప్పుడు మాత్రం సెల్లారు అనే అను. మనవైపు బేస్‌మెంట్ అంటే పునాది మీది ఎత్తు అనుకుంటారు, అంచనా తారుమారవుతుంది.

ఇక ఎత్తు. జాతీయ భవన నిర్మాణ నియమావళి సెల్లారుకు కనీసం 2.4 మీటర్లు చెబుతుంది, మనుషులు మసలే గదికి సాధారణంగా 2.75 మీటర్లు కోరుతుంది. నీవు గచ్చు పెంచి, పైన సీలింగు దించితే దూలాల కింద ఎంత మిగులుతుందో చూడు. మెట్లు, ర్యాంపు కాక వేరే దారి లేకపోతే పొగ కమ్మినప్పుడు మనుషులు ఎటు పోతారన్నది కూడా ఆలోచించు.

మీ ఇంటి ప్లానులో సెల్లారును పార్కింగుగా చూపించి అనుమతి తీసుకున్నారు. అక్కడ ఆఫీసు పెడితే నగరపాలక సంస్థ అభ్యంతరం చెప్పవచ్చు. ఇంటి పన్ను మారుతుంది. గృహ మీటరు మీద ఆఫీసు నడిపితే విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్ లెక్కగడతారు. టౌన్ ప్లానింగ్ విభాగంలో నోటిమాటతో సరిపెట్టుకోక రాతపూర్వకంగా అడుగు. పైగా సెల్లారు పోతే మీ కార్లూ, వచ్చే కక్షిదారుల స్కూటర్లూ వీధిలో నిలుస్తాయి. పక్కింటివారితో మొదటి తగవు అక్కడే వస్తుంది. వాస్తు సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, నేను దానిలో తలదూర్చను.

అయినా నా మనసులో ఉన్నది వేరు. జీఎస్టీ పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలని నాకు చెప్పినవాడివి నీవే. పరుల కాగితాలను చెమ్మ, చెదలు ఉండే చోట అన్నేళ్ళు పెట్టడం నాకు నచ్చలేదు. ముందు హాలు పక్క గదికి విడిగా వీధి తలుపు పెట్టించి, అక్కడ ఆఫీసు మొదలుపెట్టు. దానికి కూడా మీటరు సంగతి అడగవలసిందే. సెల్లారులో కార్లు అలాగే ఉండనీ.

పాత వార్తాపత్రికల కట్ట ఒకటి కింది మూలలో నేల మీద పెట్టి, దీపావళి నుంచి నెలరోజులు కదపకు. సంక్రాంతికి వచ్చినప్పుడు నేనే విప్పి చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న