బెంజిమిడజోల్ గోధుమరంగులో ఎందుకొస్తుంది?

ప్రశ్న: ఆర్థో-ఫినైలీన్‌డైఅమీన్, ఫార్మిక్ ఆమ్లంతో బెంజిమిడజోల్ (నైట్రోజన్ ఉన్న ఒక కర్బన సమ్మేళనం) చేస్తే గోధుమరంగులో, అదీ కొంచెమే వస్తోంది. లోపమెక్కడ?

జవాబు: రంగుకు కారణం చాలావరకు డైఅమీనే. గాలి తగిలితే ఆక్సీకరణ చెంది నల్లబడుతుంది. తెల్లటి సరుకే వాడండి. విషపదార్థం కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి, పని ఫ్యూమ్‌హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే అర).

5.4 గ్రాముల డైఅమీన్‌కు 90 శాతం ఫార్మిక్ ఆమ్లం 3.2 మి.లీ. చాలు. వాటర్‌బాత్‌పై 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2 గంటలు వేడిచేసి, చల్లార్చండి. తర్వాత 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ కొద్దికొద్దిగా, కలుపుతూ పోయాలి. దిగుబడి పోయేది ఎక్కువగా ఇక్కడే. లిట్మస్ నీలంగా మారగానే ఆపేయాలి. ఇంకా పోస్తే బెంజిమిడజోల్‌లో నైట్రోజన్‌కు అంటిన హైడ్రోజన్ (ఎన్‌హెచ్ ప్రోటాన్) ఊడి, పదార్థం లవణంగా కరిగిపోతుంది. అప్పుడది వడపోత ద్రవంతోపాటే వెళ్లిపోతుంది. వడకట్టాక మిగిలిన ఘనపదార్థాన్ని ఐసునీళ్లతోనే కడగండి.

దాన్ని సుమారు 80 మి.లీ. మరిగే నీటిలో కరిగించి, రంగును పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గుపొడి) 0.4 గ్రాములు వేసి, వేడిగానే వడకట్టి, ఆ ద్రవాన్ని చల్లార్చి స్ఫటికాలు తీయండి. గరాటు చల్లగా ఉంటే స్ఫటికాలు అందులోనే పేరుకుంటాయి. శుద్ధమైనది 170–172 డిగ్రీల దగ్గర కరుగుతుంది.