చెరువు మనదే, తుపాకీ పేల్చొచ్చా?

ప్రశ్న: ఆకివీడు దగ్గర మాకు పదెకరాల చేపల చెరువు ఉందండీ. శీలావతి, బొచ్చె వేశాం. తెల్లారితే నీటికాకుల గుంపు, రాత్రయితే వల పట్టుకొచ్చే దొంగలు. మా నాన్నగారికి లైసెన్సున్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఆయన కాలం చేసి ఎనిమిది నెలలైంది, తుపాకీ బీరువా మీదే ఉంది. కాపలా కుర్రాడికి ఇచ్చి గాల్లోకి రెండు పేల్చమంటే చాలు, సొంత చెరువులో ఎవడడుగుతాడు అని మా బావ అంటున్నాడు. నిజమేనా? - ఓ చేపల రైతు

జవాబు: చెరువు గొడవ తర్వాత చూద్దాం, ముందు బీరువా మీదున్న దాని సంగతి తేల్చుకోండి. ఆ లైసెన్సు నాన్నగారిది. ఆయన పోయాక మీ ఇంట్లో ఉన్నది లైసెన్సు లేని తుపాకీయే. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దీనికి రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. ఎనిమిది నెలలు ఆలస్యమైంది కాబట్టి ఓ వకీలుతో మాట్లాడి, స్టేషన్‌కి ముందే ఫోన్ చేసి, వాళ్ళు ఎలా తెమ్మంటే అలా తీసుకెళ్ళండి, చెప్పాపెట్టకుండా బండి మీద వేసుకుని మాత్రం బయల్దేరొద్దు. తర్వాత వారసుడిగా మీ పేరున లైసెన్సుకి కలెక్టర్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. ఎనిమిది నెలలుగా ఎవరూ ముట్టలేదు కాబట్టి అందులో తూటాల్లేవని అనుకోకండి. ఇంట్లో జరిగే ప్రమాదాల్లో చాలా వాటికి ఈ ‘లేవనుకోవడమే’ కారణం. తుపాకీని మధ్యలో మడిచి తెరిచి రెండు గొట్టాలూ చూడటం తెలిసినవాళ్ళ చేతే చూపించండి. మూతి మనుషుల వైపు తిరగకూడదు, వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకూడదు. అప్పగించేదాకా తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెండింటికీ తాళం. పిల్లలు కుర్చీ వేసుకుంటే బీరువా మీదికి చెయ్యి అందుతుందని మీకు నేను చెప్పాలా?

ఇక మీ బావగారి సలహా. రేపు లైసెన్సు మీకొచ్చినా అది మీకే, కాపలా కుర్రాడికి కాదు. అతని చేతికిస్తే ఇచ్చిన మీ మీదా కేసే, పట్టుకున్న అతని మీదా కేసే. సొంత చెరువని చట్టంలో మినహాయింపేమీ లేదు. పైగా మన డెల్టాలో ఒకరి చెరువుకీ ఇంకొకరి చెరువుకీ మధ్య ఉండేది ఓ గట్టు, ఆ గట్టు మీద రాత్రంతా మోటార్లు చూసుకునేవాళ్ళో, పాకలో పడుకునేవాళ్ళో ఉంటారు, గుండుకి అడ్డుపడటానికి చిన్న గుట్టయినా ఉండదు. డబుల్ బ్యారెల్ తూటాలోంచి చెదిరే పెల్లెట్లు, అంటే చిన్న గుండ్లు, రెండు మూడు వందల మీటర్లు పోతాయి. వాలుగా నీటిని తాకిన గుండు మునగదు, చిన్నప్పుడు మనం చెరువులో విసిరిన పెంకులాగే ఎగిరి ఎటో పోతుంది. గాల్లోకి కాల్చిందీ కింద పడాల్సిందే, అదెవరి పాక మీదో మీ చేతిలో ఉండదు.

దొంగని కాలిస్తే? భారతీయ న్యాయ సంహితలో 41వ సెక్షన్ ఉంది. ఆస్తి కాపాడుకోవడానికి ప్రాణం తీసే దాకా పోయే హక్కు దోపిడీ, చీకటి పడ్డాక ఇంట్లో చొరబడటం, ఇంటికి నిప్పు పెట్టడం, ప్రాణానికో తీవ్ర గాయానికో భయం కలిగించే దొంగతనం లాంటి వాటికే. వలేసి నాలుగు బొచ్చెలు పట్టుకుని పారిపోయేవాడు వీటిలోకి రాడు. మంచి లైట్లు, రెండు కెమెరాలు పెట్టుకోండి, పక్క చెరువువాళ్ళతో కలిసి కాపలా పెడితే ఖర్చూ తగ్గుతుంది.

నీటికాకుల మీద మీ కోపం నాకర్థమైంది, కానీ వాటినీ కొంగల్నీ కాల్చడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కొల్లేరు అభయారణ్యం హద్దులోకి వస్తే శిక్ష ఇంకా పెద్దది, మూడేళ్ళకి తక్కువుండదు. చెరువుకి అడ్డంగా తీగలు లాగి మెరిసే రిబ్బన్లు కట్టండి, డబ్బాలు మోగించండి. నాలుగు రోజులకి అలవాటు పడిపోతాయి, అందుకే చోటు మారుస్తూ ఉండాలి. విసుగే.

ప్రశ్న: పదో తరగతి చదివే మా అబ్బాయి జామచెట్టు మీద చిలకల్ని కొడతానని ఎయిర్‌గన్ కొనమంటున్నాడు. దానికీ లైసెన్సు కావాలా? - ఓ తల్లి, అమలాపురం

జవాబు: 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ బయటికొచ్చే శక్తి 20 జౌళ్ళు దాటకపోతే అక్కర్లేదమ్మా. లైసెన్సు లేదని బొమ్మ అనుకోకండి, కన్ను పోతుంది. కొంటే కాగితం గురి పెట్టించి, వెనక ఇసుక బస్తాలు పేర్పించి, పెద్దవాళ్ళెవరైనా పక్కనుండాలి. కొబ్బరి చెట్టుకో ఇనప గేటుకో గురిపెడితే పెల్లెట్ తిరిగి మొహానికే వస్తుంది. చిలకలకీ అదే వన్యప్రాణి చట్టం, కాబట్టి వాటి జోలికి వద్దు. జామకాయలు పిందెగా ఉన్నప్పుడే పాత చీర ముక్కలతో చిన్న సంచులు కుట్టి కట్టేయమనండి, ఆ పనికి అబ్బాయిని చెట్టెక్కించండి.