ట్రైలర్ టంగ్ వెయిట్‌కి ఎంత కెపాసిటీ హిచ్ కావాలి?

అమెరికాలో మీ తమ్ముడు కొన్న ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) సామానుతో కలిపి 7,000 పౌండ్లు, దానికి ఎంత కెపాసిటీ వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కావాలని అడిగారు. హిచ్ అంటే ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం; ఈ రకం హిచ్ ట్రైలర్ మోపే బరువులో కొంత బండి ముందు చక్రాల మీదికి కూడా పంచుతుంది. ముందు చూడాల్సింది టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ ముందు కొస బండి హిచ్ మీద మోపే బరువు.

మా పర్లాకిమిడిలో రెండు చక్రాల ట్రాక్టర్ ట్రాలీ తోలినవాళ్లకి ఇది బాగా తెలుసు. ధాన్యం బస్తాలు వెనక్కి పేర్చితే ట్రాలీ ముందు కొస లేచి, ట్రాక్టర్ వెనక టైర్లకి పట్టు పోతుంది. మరీ ముందుకి పేర్చితే ట్రాక్టర్ మూతి తేలి, స్టీరింగ్ మాట వినదు. ట్రావెల్ ట్రైలర్‌కైతే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొస మీద పడాలి. మీ తమ్ముడికి 700 నుంచి 1,050 పౌండ్లు. తక్కువైతే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. చాలా ప్రమాదం.

కంపెనీ చెప్పే ఖాళీ బరువుతో లెక్క కట్టొద్దు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ సాధారణంగా ముందు కొస మీదే ఉంటాయి. నీళ్లు నింపి, సామాను సర్ది, అప్పుడు తూకం వేయించమనండి. బండి వెనక యాక్సిల్ దాటి డిక్కీలో పెట్టే బరువు కూడా కలపాలి. టంగ్ 850, డిక్కీ 100, మొత్తం 950 అయితే 1,000 పౌండ్ల స్ప్రింగ్ బార్లు (హిచ్‌లో ఆ బరువుని పంచే ఉక్కు కడ్డీలు) సరిపోతాయి. 600వి పెడితే ముందు చక్రాల మీదికి బరువు సరిగా చేరదు, 1,400వి మరీ బిరుసు, ప్రతి గుంతలో ట్రైలర్ ఫ్రేమ్ అదురుతుంది.

బండి రిసీవర్ (బండి వెనక హిచ్‌ని దూర్చే గొట్టం) మీద రాసిన పరిమితి కూడా చూడమనండి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌తో ఎంత వరకు అని చాలావాటి మీద విడిగా రాసి ఉంటుంది, ఎంత పెద్ద హిచ్ పెట్టినా దాన్ని దాటకూడదు.